బొచ్చె కోసం పోయిన బెల్లం

నాకు అన్నింటికన్నా పెద్ద భయం, నా పాలు ఎండిపోతాయేమోనని. తేలంటే భయం లేదు, దయ్యమంటే భయం లేదు. బిడ్డ రొమ్ము పట్టుకొని రెండు గుక్కలు లాగి, ఏమీ రాక, తల పక్కకు తిప్పి ఏడుస్తుందే, ఆ ఏడుపంటే భయం.

మూడో నెల నిండకముందే నా బిడ్డ అట్లా ఏడవడం మొదలుపెట్టింది. మా అత్త దానమ్మ చూసి కొడుకును పిలిచింది. "రేయ్ ఏసన్నా, బాలింతకు చేపల పులుసు పోస్తే పాలు పడతాయి. చేపలు తేరా" అన్నది. చేపలు అన్నది, బొచ్చె అనలేదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మా ఇంటాయనకు ఆదోనిలో దూది మిల్లులో పని. ఆదివారం సెలవు. ప్రార్థనకు పోదామంటే మోకాళ్ల నొప్పి, కాలువకు పోదామంటే లేడికాళ్లు. ఈ గాలం విద్యలో ఆయనకు గురువు కాశప్ప, అదే మిల్లువాడు. ఊరి బయట కాలువ తూము కింద ఒక మడుగుంది. అందులో మనిషి తొడంత బొచ్చె చేప తిరుగుతోందని కాశప్ప చెప్తాడు. దాన్ని చూసినవాడు కాశప్ప ఒక్కడే.

బొచ్చె అంటే మాటలా? దానికి తగ్గ ఎర ఉండాలట. వేయించిన జొన్నపిండి నా డబ్బాలోది. వేరుశనగ బుడ్డలు మా అత్త నాకోసం కుండలో దాచినవి. బెల్లం, బాలింతనని మా అమ్మ ఆలూరు నుంచి పంపింది. మూడూ కలిపి రోట్లో దంచి, ముద్ద చేసి, ముక్కు దగ్గర పెట్టుకొని మా ఇంటాయన, "ఈ వాసనకు బొచ్చె యాడున్నా రావాల" అన్నాడు. ఆ వాసన నాకూ తగిలింది. ఆ పూట నేను తిన్నది జొన్నరొట్టె, గొడ్డుకారం.

సాయంత్రం ఖాళీ చేతులతో వచ్చాడు.

"పరకలు మే! వేలెడంత లేవు, దొంగముండలు. గాలం మునిగేలోగా ముద్దంతా కొరుక్కొని పోతాండాయి. బొచ్చె దాకా రానిస్తేనా?"

అప్పటి నుంచి ఇద్దరు మగాళ్లు వేలెడంత చేపల మీద యుద్ధం ప్రకటించారు. కాశప్ప మిల్లు నుంచి దూది తెచ్చి పిండిలో పిసికించాడు, పరకలు లాగినా ముద్ద విడిపోదని. నిజమే, విడిపోలేదు. బొచ్చె కూడా దాన్ని ముట్టలేదు. దూది తినడానికి అదేమన్నా వెర్రిదా? తరువాత వారం తవుడు ఒక పక్క చల్లి, పరకల్ని అటు మళ్లించి, ఇటు పక్క గాలం వేశారు. అవి తవుడు తిని, భోజనాలయ్యాక తాంబూలానికి వచ్చినట్టు ఇటే వచ్చాయి. ఆ పై వారం ఉడికించిన శనగలు. గట్టివి, చిన్న నోళ్లకు పట్టవు. ఇది మాత్రం తెలివైన ఉపాయమే అనుకున్నాను. సాయంత్రం చొక్కా ఉతకబోతే జేబు నిండా శనగ పొట్టు. పెద్ద నోళ్లకు బాగానే పట్టాయన్నమాట.

ఒకరోజు కాశప్ప మా ఇంటికే వచ్చి, గడపలో కూర్చొని, గొంతు తగ్గించి చెప్పాడు.

"చెల్లెమ్మా, తప్పనుకోగాకు. బాలింత చెయ్యి తగిలిన పిండికి పరకలే వస్తాయి. ఈసారి నువ్వు ముట్టగాకు."

"అట్లాగేలే అన్నా. నేను పిండి ముట్టను, నువ్వు బెల్లం ముట్టగాకు."

నవ్వాడు. పెద్ద హాస్యమాడాననుకున్నాడు.

ఆదివారం పొద్దున లేచి చూస్తే మిగిలిన బెల్లం కూడా లేదు. మధ్యాహ్నానికి బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మా అత్త వద్దంటున్నా బిడ్డకు నెత్తిన గుడ్డ కప్పి కాలువకు నడిచాను.

తుమ్మచెట్టు నీడలో గురుశిష్యులిద్దరూ బీడీలు కాలుస్తున్నారు.

"ఏం మే, బిడ్డనెత్తుకొని ఎండలో యాడికొచ్చినావ్?"

"నా బెల్లం కోసం."

అప్పుడు చూశాను. వాళ్ల వెనక గట్టు పొడుగునా పరకలు. కొన్ని ఎండి వంకర తిరిగాయి, కొన్ని ఇంకా ఎగిరెగిరి పడుతున్నాయి. కాకులు ఏరుకుంటున్నాయి. తిని తిని కడుపుబ్బిన కుక్క ఒకటి, ఇక చాలన్నట్టు పడుకుంది.

"ఇవేంది?"

"అవే, దొంగలు!" అన్నాడు కాశప్ప, పులిని చంపినవాడిలా. "సన్న గాలమేసి ముందు వీటి పని పడతాండాం. నీళ్లలో వదిలితే మళ్లా తింటాయని గట్టున పారేస్తాండాం."

"ప్రతి ఆదివారమూనా?"

"ఇంతకు రెండింతలు, చెల్లెమ్మా!"

ఇన్ని వారాలూ నా బిడ్డ పాలకని ఏడుస్తుంటే, నా పులుసు ఈ కుక్క తింటోంది.

బిడ్డను మా ఇంటాయన ఒళ్లో పడేశాను. ఎగురుతున్న పరకల్ని కొంగులోకి ఏరడం మొదలుపెట్టాను. కాశప్ప లేచి నిలబడ్డాడు.

"ఏయ్ చెల్లెమ్మా! పరకలు మూటగట్టుకొని ఊర్లోకి పోతే మా పరువేం గావాల?"

"ఇన్నాళ్లూ ఉత్త చేతులతో వచ్చినారే, అప్పుడేమైంది అన్నా మీ పరువు?"

మా ఇంటాయన పక్కన టవల్లో ఇంకా ముట్టని ముద్ద ఉంది. ఆ వారం దూది లేదు. తీసుకొని, వాళ్లెదురుగా గట్టు మీద కూర్చొని తిన్నాను. తియ్యగా ఉంది. మా అమ్మ పంపిన బెల్లమాయె.

"మే, అది ఎర!" అన్నాడు మా ఇంటాయన.

"కాలువకు రాకముందు ఇది నా కూడు."

ఒళ్లో బిడ్డ ఆయన వేలు నోట్లో పెట్టుకొని చీకుతోంది, అందులో పాలున్నట్టు. కాసేపు దాన్నే చూశాడు. తరువాత ఒంటి చేత్తో పరకలు ఏరి నా కొంగులో వేయడం మొదలుపెట్టాడు. కాశప్ప మాత్రం నీళ్లలో తేలే గాలం బెండు మీంచి చూపు తిప్పలేదు. పాపం, బొచ్చె సరిగ్గా అప్పుడే వస్తే?

మా అత్త పరకల్ని బండ మీద రుద్ది, చింతపండు పులుసు పెట్టింది. "చేపలంటి గదరా, బొచ్చె అంటినా?" అని కొడుకును గరిటె పట్టుకొని అడిగింది. ఆ పూటకే పాలు పొంగాయని అబద్ధం చెప్పను. పులుసు, రొట్టె కడుపు నిండా తింటూ పోతే మెల్లగా పడ్డాయి. ఇప్పుడు బిడ్డ తాగి, మూతి తుడుచుకోకుండానే నిద్రపోతుంది. మా ఇంటాయన సన్న గాలమే వేస్తాడు. కాశప్ప ఆయనతో మాట్లాడడు.

నిశ్చింతగా ఉందామనుకుంటే మొన్న మా మరిది అయ్యన్న వచ్చాడు. నా చెల్లెలు మేరి మొగుడు, ఊరు హొళగుంద. మేరి పచ్చి బాలింత. వాడు బిడ్డ సంగతి ఒక్క మాట చెప్పి, కాశప్ప ఇల్లెక్కడని అడిగాడు. అక్కణ్నుంచి ఊరికి పోయేటప్పుడు చూస్తే చేతిలో దూది పొట్లం.

మేరి నోరు లేనిది. ఆకలైనా చెప్పదు. నేను ఈ బిడ్డతో అంత దూరం బస్సులో పోలేను. మీలో ఎవరైనా హొళగుంద వైపు పోతే, మేరిని ఒకసారి చూసి రండి. తిన్నావా అని అడిగితే తిన్నాననే అంటుంది. ఆ మాట నమ్మకుండా, కుండ మూత తీసి చూడండి.