చెంచయ్య కోసం వచ్చిన పోలీసు

మా ఊళ్ళో ఏది కనపడకపోయినా “చెంచయ్య దగ్గరికి పోయింది” అనేవాళ్ళు. గేదె తప్పిపోతే చెంచయ్య దగ్గరికి పోయింది. పెళ్ళింట్లో కొత్త చెప్పులు మాయమైతే చెంచయ్య దగ్గరికి పోయాయి. దాగుడుమూతలాడే పిల్లలు కూడా ఎంతకీ దొరకనివాణ్ణి “ఒరేయ్ చెంచయ్యా” అని కేకేసేవాళ్ళు. చెంచయ్య అనే మనిషి నిజంగా ఒకడున్నాడని, వాడి పెళ్ళాం మా పక్కింట్లోనే ఉంటుందని, ఆ మాటలన్నీ ఆమె చెవిన పడతాయని ఎవరికీ పట్టేది కాదు. మా ఆయన బుల్లయ్యకీ పట్టేది కాదు. అసలు ఆ మాట పుట్టించిన మహానుభావుడే ఆయన. నేను గట్టిగా అడిగితే “నవ్వితే నవరత్నాలు రాలతాయే వెంకటరావమ్మా” అనేవాడు. “నవ్వు నాలుగందాల చేటు” అని నేనూ అనేదాన్ని. ఆయనకి చెప్పడమూ, చెవిటివాడి ముందు శంఖం ఊదడమూ ఒకటే.

చెంచయ్య జానకిరామయ్య గారి మిరప కల్లానికి కాపలా ఉండేవాడు. మాది పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు. కోసిన మిరపకాయ కల్లంలో ఆరబోశాక, అది ఎండి గుంటూరు చేరేదాకా ఎవరో ఒకరు అక్కడే కాపలా పడుకోవాలి. ఎనభై రెండులో, ఫాల్గుణ పున్నమి మర్నాడు పొద్దున చూస్తే కాయ ఉంది, కాయ మీద పట్టా ఉంది, చెంచయ్య చెప్పులూ దుప్పటీ ఉన్నాయి. మనిషి లేడు.

వాడి పెళ్ళాం బసవమ్మ స్టేషనుకి వెళ్తే “మగాడు గదమ్మా, ఎక్కడికో పోయుంటాడు, వాడే వస్తాడు” అని పంపించేశారు. ఊళ్ళోకి వచ్చి ఒక్క ముక్క అడిగిన పోలీసు లేడు. పోలీసులు అడగకపోతే ఊరు ఊరుకుంటుందా? పొగాకు గ్రేడింగుకి వచ్చిన ఎవత్తెతోనో లేచిపోయాడన్నారు. ఆమె ఊళ్ళోనే ఉందని తెలిశాక సన్యాసుల్లో కలిశాడన్నారు. అలా అనుకుంటూ నవ్వుతూ నవ్వుతూ రెండేళ్ళు గడిపేశారు.

బసవమ్మ బొట్టు పెట్టుకుంటే “ఎవరి కోసమమ్మా” అనేవాళ్ళు. ఒకరోజు పెట్టుకోకపోతే “వాడు చచ్చాడని నీకెవరు చెప్పారు” అనేవాళ్ళు. కనపడకుండా పోయినవాడికి పన్నెండేళ్ళు చూసి గానీ కర్మ చెయ్యకూడదట. పేరంటానికి పిలవరు, పరామర్శకీ రారు. “ఉన్నాడో పోయాడో ఒక్క మాట తెలిస్తే చాలక్కా. ఏడవాలో వద్దో కూడా తెలీకుండా ఎట్టా బతకను?” అని నాతో అంది ఒకసారి, మా దొడ్లో కాయ తొడిమలు తీస్తూ. పట్టరాని దుఃఖం వచ్చింది, ఆమెకి కాదు, నాకు.

ఇలా ఉండగా గురునాథం వచ్చాడు. పగటివేషాలు కట్టేవాడు. అమరావతి వైపు మనిషి. ఏటా మిరపకాయ కల్లాల్లో ఉన్నప్పుడు, జనం చేతులు కాస్త ధారాళంగా ఉన్నప్పుడు వచ్చి, రోజుకో వేషం కట్టి, ఆఖరి రోజున ఇంటింటికీ తిరిగి కాయో, జొన్నలో, పాత పంచో తీసుకుని వెళ్ళేవాడు. పార్వతి వేషం కట్టాడంటే చూసి తీరాల్సిందే. అతని పని ఎలా ఉంటుందంటే, రేపు కట్టబోయే వేషానికి ఇవాళ అరుగుల మీద కూర్చుని ఊరి సంగతులు అడిగి తెలుసుకుంటాడు. ఆ ఊరి మాటలు నాలుగు కలపకపోతే వేషం పండదు. ఎవరిని చూసి నవ్వాలో ఊరివాళ్ళే చెబుతారు, అతను అప్పజెబుతాడు. పరాయివాడు కాబట్టి ఎవరికీ కోపం రాదు.

ఆ ఏడు మా అరుగు మీద కూర్చుని అడిగాడు. “రేపు ఇన్‌స్పెక్టరు వేషం కడతన్నా బుల్లయ్య గారూ. ఎవర్ని వెతకమంటారు?”

“ఇంకెవర్ని, చెంచయ్యని” అన్నాడు మా ఆయన.

ఇక చూడండి. చెంచయ్య మీద ఊళ్ళో ఉన్న మాటలన్నీ వరసగా చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. గురునాథమూ నవ్వాడు. చెంచయ్యంటే ఊరు సరదాకి కల్పించుకున్న మనిషని అతను అనుకున్నాడు. అనుకోడా మరి? గేదెలూ చెప్పులూ దాచుకునేవాడు ఎక్కడన్నా ఉంటాడా? నేను గడపలోకి వచ్చి “ఆ మాటలు వద్దు, వేరే ఏమన్నా చెప్పండి” అన్నాను. “వేషగాళ్ళు దేవుళ్ళనే వదల్లేదు, చెంచయ్య ఒక లెక్కా” అన్నాడు మా ఆయన. ఒళ్ళు మండి, కలిపిన మజ్జిగ వాళ్ళకి ఇవ్వకుండా లోపలికి పోయాను.

మర్నాడు పొద్దెక్కాక గురునాథం ఖాకీ బట్టలు వేసుకుని, మీసం అతికించుకుని, చంకలో లాఠీ పెట్టుకుని బయల్దేరాడు. ఇల్లిల్లూ తిరిగి జానకిరామయ్య గారి ఇంటి ముందుకి వచ్చేసరికి ఊరు సగం అక్కడే ఉంది. ఆయన ఊళ్ళో పెద్ద రైతు, పెట్టే చెయ్యి కూడా. వసారాలో పడక్కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నారు.

గురునాథం నీళ్ళ కాగు మూత తీసి “చెంచయ్యా, మర్యాదగా బయటికి రా” అన్నాడు. మిరప బస్తాలో తలపెట్టి తుమ్ములు తుమ్మాడు. ఒక కోడిపెట్టని పట్టుకుని “చెంచయ్య ఎక్కడే, నిజం చెప్పు” అని బెదిరించాడు. జనం విరగబడి నవ్వుతున్నారు. అప్పుడు లాఠీ నేల మీద కొట్టి అన్నాడు: “ఇదేం ఊరయ్యా. అల్లుడొస్తే ఇల్లు అలుకుతారు. ఇక్కడ కాపలావాడు పోతే కల్లం అలికారు.”

అదీ మా ఆయన చెప్పిన మాటే. అన్నిటికన్నా దానికే ఎక్కువ నవ్వారు.

ఆ నవ్వులో బసవమ్మ వచ్చి నిలబడటం నేను చూడలేదు. చూసేసరికి గురునాథం ఎదురుగా చేతులు కట్టుకుని ఉంది.

“బాబూ, నేను చెబుతాను, రాసుకోండి” అంది.

నిజం పోలీసే అనుకుందని జనం ఇంకా నవ్వారు. గురునాథం హుషారుగా మీసం మెలేసి “నీ పేరేంటి?” అన్నాడు.

“బసవమ్మ. చెంచయ్య పెళ్ళాన్ని.”

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. అతను జనం వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు. ముఖంలో రంగు ఉన్నా నెత్తురు లేదు. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆమె జబ్బ పట్టుకున్నాను.

“బసవమ్మా, పోలీసు కాదే. మన గురునాథం. వేషం.”

“తెలుసక్కా. పోయినేడు పార్వతి వేషానికి నేనూ చాటెడు జొన్నలు పోశాగా. నిజం పోలీసు రాలేదు, అడగలేదు. ఈయనన్నా అడగనియ్యి.”

గురునాథం టోపీ తియ్యబోయాడు. “తియ్యొద్దు బాబూ” అంది ఆమె. “తీస్తే నీకు చెప్పి ఏం లాభం? ఇందాక కల్లం సంగతి ఏదో అన్నావే, అది మళ్ళీ అను.”

అతను గొంతులోనే గొణిగాడు. “కాపలావాడు పోతే... కల్లం అలికారు.”

“అదే రాసుకో. కాయ ఆరబోసిన కల్లాన్ని నడిమధ్యన ఎవరన్నా అలుకుతారా? అడుగు. ఇక్కడున్నోళ్ళంతా రైతులేగా.”

కల్లం అలికేది కాయ రాకముందు. ఒకసారి కాయ పోశాక అక్కడికి తడి రానివ్వరు. తడి తగిలితే కాయ బూజుపట్టి తెల్లబడుతుంది, చంటిపిల్లకైనా తెలుసు. చెంచయ్య పోయిన రోజే జానకిరామయ్య గారు కల్లం అలికించారని ఊరందరికీ తెలుసు. తెలిసీ ఏం చేశాం? మా ఆయన “పీడ పోయిందని అలికించాడు” అన్నాడు, అందరూ నవ్వారు. నవ్వేశాక ఇంక ఎందుకు అలికించాడని అడిగిన పాపాన పోలేదు.

“అలికింది నేనే” అంది మౌలాబీ, వెనక నుంచి. కూలికి వెళ్ళే మనిషి, ఊళ్ళో కల్లాలన్నీ ఆమె చేతి మీదనే అలుకుతాయి. “కాయ ఒక పక్కకి నెట్టించి తూర్పు మూల అలకమన్నారు. అక్కడ నేల మెత్తగా దిగబడతా ఉంది. ఏందయ్యా అంటే పందికొక్కులు తోడినయ్యి అన్నారు. ఎవరూ అడగలా, నేనూ చెప్పలా.”

మా ఆయన తల దించుకుని “ఆ మాట తమాషాకి అన్నాను. నాకేం తెలుసు” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

బసవమ్మ వసారా వైపు తిరిగింది.

“అయ్యా, రెండేళ్ళుగా ఊరంతా నా మొగుడి మీద నవ్వింది. ఎవరు నవ్వుతున్నారో చూస్తానే ఉన్నా. నవ్వినోళ్ళకి ఏం తెలీదు, తెలిస్తే అట్టా నవ్వలేరు. ఈ అక్క నవ్వలేదు, నవ్వినోళ్ళని తిట్టింది. మీరు నవ్వనూ లేదు, తిట్టనూ లేదు. ఆయన పేరెత్తితే లేచి లోపలికి పోయేవాళ్ళు. మంచి మనసులే అనుకున్నా ఇన్నాళ్ళూ.”

జానకిరామయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. అప్పుడు నవ్వారు. నేనైతే ఆయన అలా నవ్వగా చూడలేదు.

“భలే కట్టావోయ్ గురునాథం” అన్నారు. “ఆమెకి కూడా నేర్పావు, బాగుంది. ఇన్నాళ్ళకి వేషమంటే ఇదీ. బస్తా కాయ ఇప్పిస్తాను, తీసుకుపో.”

అంటూ ఇంకా నవ్వుతూ అందరి ముఖాలూ చూశారు. ఇందాకటి దాకా కోడిపెట్టని చూసి నవ్విన జనంలో ఒక్కరూ పెదవి కదపలేదు. ఆయన నవ్వు కాసేపు ఒక్కటే వినిపించి ఆగిపోయింది.

బసవమ్మ కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. అక్కడే, ఆయన వాకిట్లోనే.

గురునాథం ఆ బస్తా ముట్టుకోలేదు. ఆ సాయంత్రమే, ఎవరి దగ్గరా ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఊరు రాలేదు.

మేము స్టేషనుకి వెళ్ళాం, నేనూ మా ఆయనా మౌలాబీ. అక్కడి ఇన్‌స్పెక్టరు అంతా విని “పగటివేషగాడికి వాంగ్మూలం ఇచ్చి నా దగ్గరికి ఎందుకొచ్చారు? ఆయన్నే అరెస్టు చెయ్యమనండి” అన్నాడు. కానిస్టేబుళ్ళంతా నవ్వారు. మా ఆయన నవ్వేవైపు కాక నవ్వులపాలయ్యేవైపు నిలబడటం అదే మొదలు. ఇంటికొచ్చి పలుగు తీసుకుని బసవమ్మ దగ్గరికి వెళ్ళి “పద, మనమే తవ్వుదాం” అన్నాడు.

“వద్దు బావా” అంది ఆమె. “రెండేళ్ళయింది, అక్కడే ఉంచారో, ఇంకెక్కడికన్నా మార్చారో. తవ్వితే ఏమీ లేదనుకో, రేపటి నుంచి మళ్ళీ నవ్వుతారు. ఉంటే నేను చూడలేను. కర్మ చేయిస్తాను. అయ్యగారితో ఒక్క మాట చెప్పిరా. ఆ తూర్పు మూలనే చేస్తానని.”

మా ఆయన వెళ్ళి చెప్పాడు. జానకిరామయ్య గారు వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. కూలీలని పెట్టి తూర్పు మూల నుంచి కాయ తీయించారు.

ఆ రోజు ఊరంతా వచ్చింది. ఒకరు పిలిస్తే వచ్చింది కాదు. చెంచయ్య తమ్ముడు తడిబట్టతో కూర్చున్నాడు. జానకిరామయ్య గారు కూడా వచ్చి కల్లం గట్టు మీద నిలబడ్డారు. రాకపోతే ఏమనుకుంటారోనని వచ్చి ఉంటారు. ఎర్రగా కాయ పరిచిన కల్లంలో ఆ మూల ఒక్కటే ఖాళీగా ఉంది. కర్మ చేయించే పెద్దాయన విస్తరి వేసి, దీపం పెట్టి, చెంచయ్య పేరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు. ఏనాడు పోయాడని అడిగాడు.

“రెండేళ్ళ కిందట, ఫాల్గుణ పున్నమి నాడు” అంది బసవమ్మ.

“ఎక్కడ పోయాడమ్మా?”

“ఇక్కడే” అంది.

పెద్దాయన తలెత్తి ఆమెని చూశాడు. తర్వాత చెంచయ్య పేరూ, ఆ తిథీ చెప్పి, “ఈ కల్లంలో కాలం చేసిన” అని అందరికీ వినపడేలా పలికి నీళ్ళు వదిలాడు. ఊరంతా గట్టు మీది మనిషి వైపు చూసింది. ఆయన కాదనలేదు. ఒక్క మాట, కాదు అని, అనలేకపోయారు. గట్టు దిగి, పంచె అంచు ఎత్తిపట్టుకుని ఇంటి వైపు వెళ్ళిపోయారు.

బసవమ్మ అలికిన ఆ నేల మీద బోర్లా పడి, మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నేను ఆపలేదు.