అచ్చిబాబు మాటలు

రెండో తరగతి దాకా ఆ కార్టూన్‌లో పిట్టకు తెలుగు వచ్చనే నేను నమ్మాను.

పెనుగొండలో మా ఇంట్లో అది మాట్లాడేది మరి. బక్క మెడ, పెద్ద ముక్కు, అడుగు తీసి అడుగు వేస్తే దెబ్బ. కొబ్బరికాయ రాలితే దాని నెత్తిమీదే రాలాలి, తలుపు మూసుకుంటే దాని ముక్కుమీదే మూసుకోవాలి. కొట్టు నుంచి వచ్చి తాతయ్య కునుకు తీసే వేళ కాబట్టి టీవీ సౌండు బాగా తగ్గించేవాళ్ళం. నానమ్మ సంపూర్ణమ్మ నా వెనక కూర్చుని జడ విప్పుతూ పిట్ట మాటలు చెప్పేది. నాకు వినపడనివి ఆవిడకు వినపడుతున్నాయనుకున్నాను. దానికి అచ్చిబాబు అని పేరు కూడా నానమ్మే పెట్టింది.

"ఏవండీ తలుపుగారూ, కాస్త చూసుకోవద్దాండీ" అనేవాడు అచ్చిబాబు. బావిలో పడితే, "ఆయ్, పడ్డానండి. నీళ్ళు చల్లగానే ఉన్నాయండి" అనేవాడు. అంత మర్యాదస్తుణ్ణి నేను మనుషుల్లో కూడా చూడలేదు.

ఒక ఆదివారం మా క్లాసు శ్రీదివ్య వాళ్ళింట్లో అదే కార్టూన్ చూశాను. సౌండు బోలెడంత ఉంది, పిట్ట మాత్రం నోరు విప్పదు. "మీ టీవీ పాడైందే" అన్నాను. పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పిట్టకు అసలు మాటలే ఉండవట.

ఉడికిపోతూ ఇంటికొచ్చాను. "ఇంకెప్పుడూ మాట్లాడకు నానమ్మా. అన్నీ అబద్ధాలే చెప్పావు" అన్నాను.

"సరేలే అమ్మలూ" అంది నానమ్మ.

మర్నాడు పిట్ట మాటామంతీ లేకుండా బావిలో పడింది. నానమ్మ జడ విప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ చెప్పమని అడగడానికి నాకు పొగరు అడ్డొచ్చింది. అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి.

మొన్న ఎండాకాలం నా కూతురు పాపాయిని తీసుకుని పుట్టింటికి వెళ్ళాను. పాపాయి నానమ్మ పక్కన మంచమెక్కి ఫోన్లో అదే పిట్టను చూస్తోంది.

"దీనికీ చెప్పవా నానమ్మా" అన్నాను.

"ఏం చెప్పనే? దానికి మాటల్లేవుగా" అంది. మామూలుగానే అంది. తప్పైపోయిందని చెబుదామంటే, ఇన్నేళ్ళ తర్వాత ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు.

అందుకని నేనే పిట్టనయ్యాను. "అమ్మో, పడ్డాను" అన్నాను. పాపాయి విసుగ్గా చూసింది. ఈసారి తలుపు తగిలితే, "ఛీ, వెధవ తలుపు" అన్నాను. నానమ్మకు ఇక ఉండబట్టలేదు.

"అచ్చిబాబు అలా తిడతాడేంటే? జరుగు" అంటూ ఫోన్ దగ్గరికి వంగింది.

తెరమీద ఒక కోతిపిల్ల రాయి విసిరింది. అది సూటిగా వచ్చి పిట్ట ముక్కుకు తగిలింది. నానమ్మ గొంతు సన్నం చేసింది. కాస్త వణికింది గానీ, అదే గొంతు.

"పర్లేదండి కోతిగారూ. చిన్నపిల్లలండి మీరు, తెలీక విసిరారు. నాకేం నొప్పెట్టలేదండి."

పాపాయి పడీ పడీ నవ్వింది. నొప్పి పెట్టిందని నాకు తెలుసు. నేను కళ్ళు తుడుచుకున్నాను. నానమ్మ నా వైపు చూడలేదు. అప్పటికే కోతి ఇంకో రాయి తీసింది.