కంపెనీ సొట్ట

కూకో సమరీపా పదకొండేళ్ళ ఆదివారాలు ఒకే బండికి ధారపోశాడు. పందొమ్మిది వందల ఏభై నాటి రెండు తలుపుల బండి అది. పైకప్పు చుట్టూ కోసి రెండు వేళ్ళ మేర కిందికి దింపాడు. హెడ్‌లైట్లను అంగుళం లోపలికి జరిపాడు. డిక్కీ మూలలు గుండ్రంగా తిప్పాడు. కోసిన చోటల్లా రేకును రేకుతోనే అతికి, సుత్తితో సాగగొట్టి, ఆకురాయితో నున్నగా దించాడే తప్ప చెంచాడు లప్పం పుయ్యలేదు. లప్పం ముట్టని టింకరింగ్ పనివాడు తూర్పు లాస్ ఏంజెలెస్ అంతా గాలించినా ఇంకొకడు దొరకడు.

అతనికి డెబ్భై రెండేళ్ళు నిండాయి, చేతులు వణకడం మొదలైంది. నలభై ఏళ్ళు ఊరందరి బండ్లూ బాగుచేశాడు గానీ ఏ బండి మీదా పనివాడి పేరుండదు కదా. ఏటా జూలైలో ఎల్ మోంటే పార్కులో పాత బండ్ల ప్రదర్శన పెడతారు. ‘మార్పులు చేసిన బండ్లు’ వరసలో గెలిచినవాడి పేరు ఇత్తడి రేకు మీద చెక్కించి క్లబ్బు గోడకి బిగిస్తారు. ఆ గోడ మీద తన పేరు ఒక్కసారి చూసుకోవాలని కూకో ఆశ.

జడ్జి వారెన్ డకెట్‌వి డేగ కళ్ళు. బంపర్ బోల్టు ఒక్కటి మారినా పట్టేసేవాడు. జేబులో గుడ్డ చుట్టిన అయస్కాంతం ఉండేది. రేకైతే పట్టుకుంటుంది, లప్పమైతే జారిపోతుంది. అది జారిన చోటల్లా ఎవడో ఒకడి పరువు కూడా జారేది.

కూకో బండి చుట్టూ ఆ అయస్కాంతం మూడుసార్లు తిరిగింది. ఎక్కడా జారలేదు.

“సమరీపా గారూ, పొరపాటున ఈ వరసలో పెట్టారు. దీనికి మార్పులేం జరగలేదు” అన్నాడు డకెట్.

“అయ్యో, కప్పు కోశానండీ! రెండు వేళ్ళు!”

“కోస్తే అతుకు మీద లప్పం ఉండాలి కదా? చూడండి, ఎలా పట్టుకుందో.”

“లప్పం పెట్టకుండా చేశాను. అదే కదండీ నా పని! కావాలంటే కంపెనీ పుస్తకంలో ఎత్తెంతో చూడండి.”

డకెట్ పుస్తకం తిరగేశాడు. టేపుతో కొలిచాడు. సరిగ్గా రెండు వేళ్ళ తేడా వచ్చింది. అతని మొహం వెలిగిపోయింది.

“అంటే ఇది పుస్తకానికి కూడా ఎక్కని మోడల్ అన్నమాట! కంపెనీ ఏ పదో పన్నెండో తీసుంటుంది.”

కూకో నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మొక్కజొన్న పిండితో వండిన తమాలెల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెళ్ళాం ఒఫీలియా ఇక ఉండబట్టలేకపోయింది.

“ఓ ముసలోడా, ఆ సొట్ట చూపించవయ్యా. ఎన్నాళ్ళు దాస్తావు?”

అది కూకోకి పుండు. పని మొదలెట్టిన ఆరో ఏడు వెనక మడ్‌గార్డు మీద సుత్తి జారింది. కంటికి ఆనదు గానీ అరచేతికి చిన్న పల్లం తెలుస్తుంది. సరిచెయ్యబోతే రేకు పలచబడింది. పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు సిగ్గు చంపుకుని డకెట్ చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు.

డకెట్ కళ్ళు మూసుకుని తడిమాడు. “నిజమే. పల్లం ఉంది.”

“నాదేనండీ! నా సుత్తే జారింది!”

“కాదండీ, ఇది కంపెనీ సొట్ట. షిఫ్టు దిగే వేళకి ఎవడికో ఇంటికెళ్ళే తొందర. మీలాంటి పనివాడి చెయ్యే పడుంటే దీన్నిలా వదిలేస్తారా?”

కూకో అడిగిన వరసలో బహుమతి పక్క బండికి పోయింది. తలుపు వేస్తే జానెడు లప్పం ఊడిపడ్డ బండి అది. పనంటూ జరిగిందని గుడ్డివాడికైనా తెలుస్తుంది మరి. కూకోకి మాత్రం ‘చెయ్యి పడని బండి’ అని రాసిన వెండి రంగు బహుమతి కప్పు ఇచ్చారు.

“నా ఆదివారాలన్నీ మింగిన చెయ్యి ఎవరిదో!” అంది ఒఫీలియా. కూకో ఆ రోజు తమాలె ముట్టలేదు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

మరుసటి వసంతంలో గిల్బర్ట్ ఓర్నెలాస్ అనే పళ్ళ డాక్టరు అదే మోడల్ బండేసుకుని కూకో షెడ్డుకి వచ్చాడు.

“మాస్టారూ, మొన్న వేరే ఊరి ప్రదర్శనలో డకెట్ గారు నా మార్కులన్నీ కోసేశారు. పైకప్పు రెండు వేళ్ళు ఎత్తెక్కువుందట, ఎవడో పెంచాడట. మా నాన్న షోరూంలో కొన్న బండండీ ఇది! రేకు ముక్క మార్చలేదు.”

“అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?”

“అసలు బండిలా చెయ్యాలి. నమూనా మీ దగ్గరే ఉందిగా, చూసి చేసెయ్యడమే.”

“కంపెనీవాడిలా చెయ్యాలంటే పదకొండేళ్ళు పడుతుంది డాక్టరూ.”

“మీ ఇష్టం. ఆ సొట్ట మాత్రం మర్చిపోకండి. డకెట్ గారు ముందు దాన్నే తడుముతున్నారు.”

కూకో సుత్తి అందుకుని వణికే చేతిని చూసుకున్నాడు. మళ్ళీ కింద పెట్టేశాడు.

“ఆ ఒక్కటీ నా వల్ల కాదయ్యా. కావాలని జారిస్తే అలా జారదు.” డాక్టరు చెయ్యి పట్టుకుని తన బండి మడ్‌గార్డు మీద పెట్టాడు. “ఇదిగో, బాగా తడిమి చూడు. దీన్ని కొట్టినవాడి పేరు కూకో సమరీపా.”

డాక్టరు ముచ్చటగా నవ్వాడు.

“మీరిలా సరదాగా అంటారని డకెట్ గారు ముందే చెప్పారు మాస్టారూ” అన్నాడు, చెయ్యి తియ్యకుండానే.