బోర్లా నిలబడిన తూటా

మా మామగారు కిషన్ రావుకు నోటితో కాదనడం అలవాటు లేదు. నచ్చని కూర గిన్నె మీద మూతను వెల్లకిలా పెట్టి లేచి వెళ్లిపోయేవారు. నా పెళ్లైన కొత్తలో మా వంటింట్లో సగం మూతలు పైకప్పు వైపే చూస్తుండేవి. తూటాల విషయంలోనూ అంతే. ఇంట్లోనే కూర్చుని ఇత్తడి గుల్లల్లో తుపాకి మందు తూచి పోసి, గుండు బిగించి, తొర్రలున్న చెక్కలో వరుసగా నిలబెట్టేవారు. ఏదైనా అనుమానంగా అనిపిస్తే దాన్ని మొన కిందికి వచ్చేలా బోర్లా పెట్టేవారు. ఇక దాని జోలికి ఎవరూ పోకూడదు.

ఆయన పోయాక రైఫిలూ, పంటల మీద పడే అడవిపందులను పంచాయతీలు పిలిస్తే వెళ్లి కాల్చే పనీ మా ఆయన రమాకాంత్‌కు వచ్చాయి. తూటాలు మాత్రం తండ్రి చేసినంత నికరంగా కుదరలేదు. మందు కాస్త పెంచి, కాస్త తగ్గించి, గురికాగితం మీద కాల్చి, చిల్లులు ఎంత ఎడంగా పడ్డాయో చూసుకుని మొహం మాడ్చుకుంటూ నెలలు గడిపారు. చివరికి ఒకనాడు చిల్లులన్నీ రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. మా పెళ్లినాడు కూడా ఆయన మొహం అంత వెలగలేదు.

ఆ కొలతతో మొదటి తూటాలను, పెద్దలకు పెట్టుకునే పెత్తరమాస అమావాస్య పొద్దున నింపుతున్నారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నర్సంపేట దగ్గరి రైతు మొగిలయ్య ఫోన్ చేశాడు.

"సారూ, పందులు మేసినట్టు లేదు, మక్కచేన్ల ట్రాక్టర్ తోలినట్టున్నది. ఇయ్యాల రాకపోతే వచ్చే ఏడు చేను పందులకే కౌలుకిస్త."

"సాయంత్రం వస్తున్న. ఫికర్ చెయ్యకు."

మాట్లాడుతూ వరండాలోకి వెళ్లి, తిరిగొచ్చి, గరాటా ఏ గుల్లలో ఉందో అందులోనే మళ్లీ పోశారు.

"అండ్ల ముందే పోసినట్టున్నరు. జర చూసుకోండ్రి," అన్నాను.

"బాపు పక్కన కూసోని నేర్చుకున్న పని. నువ్వు పప్పు చూస్కో, మాడుతది."

మందు ఎక్కువైన తూటా పంది దాకా పోదు. రైఫిల్‌నే చీలుస్తుంది. ఆ రైఫిల్‌కు చెంప ఆనించేది మా ఆయన. నేను చెబితే వినరు, తండ్రి చెబితే వింటారు. తండ్రి లేరు కనుక ఆ పని కూడా నేనే చేద్దామనుకున్నాను. ఇంట్లో మిగిలిన పనులన్నీ నావే కదా.

పెత్తరమాసకు పోయినవారికి ఇష్టమైనవన్నీ ఫొటో ముందు పెట్టి, తలుపు వేసి కాసేపు వదిలేస్తాం. వాళ్లు తింటుంటే మనం చూడకూడదు. వండేటప్పుడు ఉప్పు కూడా చూడకూడదు, ఎంగిలవుతుంది. మటన్, పప్పు గిన్నెలు మూతలతోనే, పక్కన కల్లు, సిగరెట్ పెట్టాను. "బాపు చూడాలె" అని మా ఆయన తూటాల చెక్క పెట్టారు. కాకికి ముద్ద పెట్టడానికి ఆయన మెట్లెక్కగానే, మూలనున్న తూటాను బోర్లా తిప్పి, తలుపుకు బయట గొళ్లెం పెట్టి, నేనూ మిద్దె మీదికి వెళ్లాను. ఏది చెడ్డదో ఇప్పుడు పోల్చుకోలేను. ఒకదాన్ని చూసి భయపడితే అన్నీ విప్పుతారని నా లెక్క.

కాకి చాలాసేపు బతిమాలించుకుంది. దిగివచ్చేసరికి గొళ్లెం వేసింది వేసినట్టే ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

తలుపు తీసి మా ఆయన గడపలోనే ఆగిపోయారు.

"శోభా, ఇది నీ పనేనా?"

నవ్వు దాచుకుంటూ తొంగి చూశాను. దాచుకోవడానికి నవ్వు మిగల్లేదు. మూలనున్న నా తూటా మొన పైకెత్తి బుద్ధిగా నిలబడి ఉంది. బోర్లా ఉన్నది నడిమి వరుసలోది.

"నేను తిప్పింది అది కాదు."

"అంటే?"

"మూలకున్నది తిప్పిన. మిమ్మల్ని బెదిరిద్దామని."

ఆయన నన్ను చూశారు, గొళ్లేన్ని చూశారు. ఫొటో వైపు మాత్రం చూడకుండా చెక్క అందుకున్నారు. మూలదాన్ని చెవి దగ్గర ఊపితే లోపల మందు సన్నగా కదిలింది. నడిమిదాన్ని ఊపితే ఏ చప్పుడూ లేదు. గుండు ఊడబీకి చూస్తే మందు మూతి దాకా కిక్కిరిసి ఉంది. మిగతావన్నీ విప్పాం. ఒక్కదాంట్లోనూ మెడ దాకా కూడా రాలేదు.

"బిగించేటప్పుడు జర గట్టిగనే అనిపించింది," అన్నారు, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు.

తర్వాత మొగిలయ్యకు ఫోన్ చేసి రేపొస్తానన్నారు.

"ఏమైంది సారూ?"

"బాపు వద్దన్నడు."

అవతల ఫోన్ టక్కున కట్టయింది. మొగిలయ్య మా మామగారి పాడె మోసినవాడు.

నేను ఫొటో ముందు గిన్నెలు తీద్దామని వంగాను. మటన్ గిన్నె మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. పప్పు గిన్నె మూత వెల్లకిలా ఉంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు రెండుసార్లు పడింది. మొగిలయ్య ఫోన్ చేసినప్పుడు నా చెవులూ అటే ఉన్నాయి.

"అన్నం పెడతవా? పప్పు తే," అన్నారు మా ఆయన వెనకనుంచి.

"మామయ్య వద్దన్నరు."