తలుపుకు లోపలివైపు

కాదు, ఎవరూ తట్టలేదు. వంటింట్లో మూత జారి పడిందంతే. తెలిసినా, నా వంకర ఇంకొంచెం బిగుసుకున్నట్టే అనిపించింది. ఇనుముకు భయమేమిటని మీరు అడగవచ్చు. భయపడేవాళ్ళ చేతుల్లో ఎక్కువ కాలం ఉంటే ఇనుముకైనా అంటుకుంటుంది.

నేను ఒక ఇనప గడియను. జానెడు పొడవు, బొటనవేలంత లావు. సలోమి ఇంటి తలుపుకు లోపలివైపు ఉంటున్నాను. నాకు పగలు మూడు గంటలంటే భయం. బసవయ్య ఆ వేళకే వస్తాడు.

నన్ను చేసిన కమ్మరి ముఖం గుర్తులేదు, సుత్తి దెబ్బలే గుర్తున్నాయి. అక్కడినుంచి ఈ ఊరి సబ్ జైలుకు చేరాను. ముప్ఫై ఏళ్ళు ఒక గది తలుపుకు బయటివైపు ఉన్నాను. ఆ గదిలో ఉండేది శిక్ష పడ్డవాళ్ళు కారు, తీర్పు కోసం ఎదురుచూసేవాళ్ళు. వాళ్ళు తప్పు చేశారో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు. అయినా గడియ మాత్రం వేసేవారు. దీన్ని మనుషులు జాగ్రత్త అంటారు.

నాగుల్ మీరా అనే ఆటో డ్రైవరు అక్కడ పదకొండు నెలలు ఉన్నాడు. "నేను కాదు సార్" అంటూ తలుపును గుద్దేవాడు. నా వంకర ఆ గుద్దులతో వచ్చిందే. చివరికి అతను కాదనే కోర్టు తేల్చింది. "పోయిరా మీరా, మళ్ళీ రామాక" అని వార్డరు హాస్యమాడాడు. మీరా నవ్వలేదు. వెళ్తూ వెళ్తూ నన్నొకసారి ముట్టుకున్నాడు, ఇంత చిన్నదా అన్నట్టు.

తర్వాత జైలు పడగొట్టారు. పాత ఇనుప సామాన్ల కొట్లో పడి ఉండగా సలోమి వచ్చింది. మిరపకాయల షెడ్డులో తొడిమలు తీసే మనిషి. ఆమె వేళ్ళు ఎప్పుడూ మండుతూనే ఉంటాయి.

"జైలు గడియమ్మా ఇది, ఇరగదు" అన్నాడు కొట్టువాడు.

"లోపలోళ్ళు బయటికి పోకుండా చేసిందిగా. బయటోళ్ళు లోపలికి రాకుండా ఆపుతదా?"

"అటు తిప్పి బిగిస్తే ఇటు ఆపుద్ది. దానికేం తెలుసమ్మా!"

తెలుసు. కాని ఎవరూ నన్ను అడగలేదు.

ఆమెకు గడియ ఎందుకు కావలసి వచ్చిందో ఈ ఇంటి మాటలు వింటూ తెలుసుకున్నాను. షెడ్డు యజమాని పూర్ణయ్య, తూకంలో మోసం బయటపెడతానన్న కాటా గుమస్తా బాజీని ఇనప కమ్మీతో కొట్టి చంపాడు. మిరప బస్తాల వెనకనుంచి సలోమి చూసింది. చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పింది. పూర్ణయ్య మూడు నెలలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. సాక్షుల దరిదాపులకు వెళ్ళకూడదని కోర్టు షరతు పెట్టింది. ఆయన వెళ్ళలేదు. వాళ్ళ బాబాయి బసవయ్యను రావద్దని మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

బసవయ్య మంచి మర్యాదస్తుడు. చెప్పులు గడప బయటే విడుస్తాడు. బత్తాయిల సంచీ దించి, అరుగుమీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగుతాడు. మొదటిసారి వచ్చింది ఒక ఆదివారం, సలోమి కూతురు హెప్సీ కూడా ఇంట్లోనే ఉంది.

"దారిన పోతా ఆగానమ్మాయ్. చిక్కిపోయావేంది? పాప బళ్ళోనించి నీలం ఆటోలోనేగా వచ్చేది? దాని బ్రేకులు సరిగా పడవంటగా."

నవ్వి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. సలోమి నన్ను వేసిన వేగానికి తలుపు అదిరింది. మర్నాటినుంచి హెప్సీ బడికి వెళ్ళలేదు. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు.

సలోమి పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పింది. అక్కడి రైటరు ఏం రాశాడో ఇంటికొచ్చి పక్కింటి మార్తమ్మకు చెప్పింది: "సదరు వ్యక్తి పండ్లు ఇచ్చి క్షేమసమాచారములు విచారించెను."

"మరి అంతేగా చేసింది!" అంది మార్తమ్మ. "కాయలిచ్చినోడి మీద కేసంటే ఊరంతా నవ్వుద్దే సలోమీ."

సలోమి ఆ సంచీ విప్పలేదు, పారేయలేదు. మూడు వారాల్లో మూడు సంచులు మూలన చేరాయి. మొదటిది కుళ్ళి వాసన వేస్తోంది.

ఈ రోజు పూర్ణయ్య బెయిలు రద్దు చేయాలని ప్రభుత్వ ప్లీడరు వేసిన పిటిషన్ కోర్టుకు వస్తుంది. ఆయన అక్కడ గడియ వెనక్కి వెళ్ళాలి, లేదా ఈమె ఇక్కడ నా వెనకే ఉండిపోవాలి. ఆయన్ను లోపల వేస్తే బాగుండునని రాత్రంతా కోరుకున్నాను. తెల్లవారాక నాగుల్ మీరా గుర్తొచ్చాడు. తీర్పుకు ముందే ఒక మనిషిమీద గడియ పడాలని ఇంత ఆశగా కోరుకుంటున్నానా? నాకు సిగ్గేసింది. సిగ్గుతోపాటు భయం కూడా ఉండవచ్చని అప్పుడే తెలిసింది.

తొమ్మిదింటికి తలుపు తట్టారు. ఈసారి నిజంగానే. తలుపు అవతల కానిస్టేబుల్ జయప్రద గొంతు.

"సలోమక్కా, ఆటో పెట్టుకొచ్చా. రా."

"నేను రాలేనమ్మా. వాళ్ళ ప్లీడరు అడుగుతాడుగా, బసవయ్య చంపుతా అన్నాడా అని. అన్లేదే!"

"పూర్ణయ్య బాజీని చంపాడో లేదో ఇయ్యాల తేల్చరక్కా. నువ్వు భయం లేకుండా వచ్చి సాక్ష్యం చెప్పగలవా లేదా, ఇయ్యాల్టి మాట అదొక్కటే. భయమేసిందని చెప్పబాక. బసవయ్య ఏమన్నాడో ఆ మాటే చెప్పు."

"ఆ మాటలో ఏముంది?"

"అది జడ్జి గారు చూసుకుంటారు."

సలోమి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె గుండె చప్పుడు చెక్కలోనుంచి నాలోకి వస్తోంది. జైల్లో కూడా ఇలాగే వినిపించేది.

"దాని బ్రేకులు..." అంది. ఆగింది. మళ్ళీ అంది. "దాని బ్రేకులు సరిగా పడవంటగా."

"అట్టా కాదమ్మా" అంది హెప్సీ మంచంమీదనుంచి. "ఆ తాత నవ్వతా అన్నాడు."

సలోమి కూతురివైపు తిరిగింది. తర్వాత మూలకు వెళ్ళి మూడు సంచులూ ఒక చేత్తో పట్టుకుంది. "చెప్పులేసుకో" అంది పిల్లతో. "నువ్వూ వస్తన్నావు. ఎట్టా నవ్వాడో అడిగితే చెబుదువు."

జైల్లో నేను బయట ఉండేదాన్ని, లోపలివాళ్ళ చెయ్యి నాకు అందేది కాదు. మీరా అయినా బయటికి వచ్చాకే నన్ను ముట్టుకోగలిగాడు. ఇప్పుడు మిరప మంట నిండిన ఒక చెయ్యి నన్ను పట్టుకుంది. నా వంకర అడ్డం పడింది. నాకూ బయటేముందో తెలియదు.

సలోమి తలుపును భుజంతో పైకెత్తి, నన్ను పక్కకు లాగింది.