విశ్వం ఫైనల్ ఫైనల్

నేను ఒక హార్డ్ డిస్కును. కంప్యూటరు లోపల కదలకుండా కూర్చునే రకం కాదు, తీగ తగిలించి బయటినుంచి వాడుకునే రకం. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టెను. నా లోపల అద్దాల్లాంటి పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద ఒక సన్నటి చెయ్యి తగిలీ తగలనట్టు కదులుతూ రాస్తుంది, రాసింది చదువుతుంది. ఆ చెయ్యి పళ్లేనికి రాసుకుందా, అంతే సంగతులు. అందుకే పుట్టిన దగ్గరనుంచీ నాకు భయం అలవాటు.

దుమ్ము కణమైనా చొరబడని గదిలో, ముక్కూ మూతీ కప్పుకున్న మనుషులు నన్ను తయారుచేశారు. జీవితమంతా ఇంత శుభ్రంగానే గడుస్తుంది కాబోలనుకున్నాను. తెనాలి చేరాక ఆ భ్రమ పోయింది.

తెనాలిలో నా మొదటి యజమాని కోటిలింగం. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. ఒక్కో పెళ్లిని నాలుగైదు పేర్లతో నాలో దాచేవాడు. పెళ్లికొడుకు మేనమామ సరిగ్గా కనబడలేదని ఒకసారి, అక్షింతలప్పుడు పాట మార్చాలని ఒకసారి, ఏమో ఎందుకైనా మంచిదని ఇంకోసారి. మనుషుల గురించి నాకు మొదట తెలిసిన సంగతి ఇదే: వాళ్లకు దేనిమీద నమ్మకం తక్కువో దానికి నకళ్లు ఎక్కువ. కొన్నాళ్లకు అతను పెద్ద డిస్కులు కొనుక్కుని, నన్ను ఖాళీ చేసి, పక్క కొట్టు దర్జీ మస్తాన్ వలికి ఇచ్చేశాడు.

మస్తాన్ వలి పగలు జాకెట్లు, చొక్కాలు కుట్టేవాడు. నాటకాలున్నప్పుడు హార్మోనియం వాయించేవాడు. అతని హార్మోనియం ఎవరికోసమైనా మోగేది గానీ, మనసు పెట్టి మోగేది ఒక్కరి పద్యానికే. ఆయన తాటికొండ విశ్వంభరం, మునిసిపల్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. స్టేజీ ఎక్కితే కర్ణుడు. ఆయన పాడే పద్యాలు చనిపోయిన గురువుగారు రాసినవి, ఎక్కడా అచ్చు కాలేదు. మాటలనైతే కాగితం మీద పెట్టుకోవచ్చు. ఏ మాట దగ్గర రాగం తీయాలో, ఎక్కడ ఊపిరి ఆపాలో ఏ కాగితమూ చెప్పదు. అదంతా విశ్వంభరం గొంతులోనే ఉండేది.

ఆ గొంతుకే జబ్బు చేసింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు డాక్టర్లు.

ఆపరేషను లోపు వచ్చిన ఆదివారాలన్నీ ఇద్దరూ మస్తాన్ కొట్లోనే గడిపారు. కుట్టు మిషన్లు ఆపేసి, గోడలకు గుడ్డల తానులు వేలాడదీసి, మధ్యలో మైకు పెట్టుకున్నారు. గుడ్డలు ప్రతిధ్వనిని మింగేస్తాయట. విశ్వంభరం బొంగురుపోతున్న గొంతును బతిమాలుకుంటూ ఒక్కో పద్యం పాడేవాడు. మధ్యలో దగ్గొస్తే ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదలెట్టేవాడు. అవన్నీ నాలోకి వచ్చాయి. పెళ్లిళ్లు మోసినప్పుడు లేని బరువు నాకు అప్పుడు తెలిసింది.

ఆపరేషను బాగానే జరిగింది. మనిషి దక్కాడు, మాట పోయింది.

తర్వాత మస్తాన్‌కు బెంగ పట్టుకుంది. ఆ పద్యాలు నాలో ఒకచోటే ఉంటే పోతాయేమోనని ఇంకో ఫోల్డరు చేసి నకలు పెట్టాడు. దాని పేరు ‘విశ్వం కొత్త’. కొన్నాళ్లకు ‘విశ్వం ఫైనల్’. ఆ తర్వాత ‘విశ్వం ఫైనల్ ఫైనల్’. పాపం, నకళ్లన్నీ ఒకే పెట్టెలో పెడితే, పెట్టె పోయిననాడు అన్నీ కలిసే పోతాయని అతనికి తట్టలేదు.

ఆ చివరి నకలు తీస్తుండగా కరెంటు పోయింది. బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, ఒక్కో ఫైలుకూ కావలసినంత చోటు నేను ముందే ఆపి ఉంచాను. కొన్ని పద్యాలు వచ్చి కూర్చున్నాయి. కొన్నిటికి తువ్వాళ్లు మాత్రమే మిగిలాయి. కరెంటు వచ్చాక మస్తాన్ చూసుకుంటే పేర్లన్నీ ఉన్నాయి, సైజులన్నీ సరిపోయాయి. అమ్మయ్య అనుకున్నాడు. లోపల సగం చోట్ల ఏమీ లేదని చెప్పడానికి నాకు నోరు లేదు.

మూడో వర్షాకాలానికి నాలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. నా చెయ్యి తడబడుతోంది. మస్తాన్ కూతురు షబానా ఆ చప్పుడు విని ఉలిక్కిపడింది. ఆమె ఆడిటరు ఆఫీసులో పనిచేస్తుంది, కంప్యూటరు సంగతులు తెలుసు. మర్నాటికి కొత్త డిస్కు కొనుక్కొచ్చింది. ఆ ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్‌ను కొట్లో కత్తిరింపు బల్ల మీద పెట్టి నన్ను తగిలించింది. విశ్వంభరం కూడా వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మెడకు చిన్న గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ఏదన్నా చెప్పాలంటే దర్జీ సుద్దముక్కతో బల్లమీద రాసేవాడు.

“నాన్నా, ఇది ఎంతసేపు పనిచేస్తదో చెప్పలేం,” అంది షబానా. “నాలుగు ఫోల్డర్లూ ఒకటే అయితే అన్నీ చదివించటం ఎందుకు? డూప్లికేట్లు తీసేసి, మంచిదొక్కటి కొత్తదాంట్లోకి ఎక్కిద్దాం.”

“నీ ఇష్టం తల్లీ. పోకుండా చూడు, అంతే.”

ఆమె ఫైల్ మేనేజర్ తెరిచింది. ఎడమవైపు పాత ఫోల్డరు, కుడివైపు ‘ఫైనల్ ఫైనల్’. పోల్చమంది. పేరుకు పేరు, సైజుకు సైజు. వరుసగా అన్నిటి మధ్యా సమానం గుర్తు పడింది.

“అన్నీ ఒకటే. తేదీ చూస్తే ఫైనల్ ఫైనలే కొత్తది. దాన్ని ఉంచి మిగతావి తీసేస్తున్నా.”

పాత ఫోల్డర్ల మీద నీలిరంగు పడింది. డిలీట్ చెయ్యమంటావా అని పెట్టె ఒకటి వచ్చి నిలబడింది. నా లోపలున్నది ఎవరికన్నా తెలుసంటే నాకే తెలుసు. చెయ్యగలిగింది మాత్రం టిక్కుమనడం. టిక్కుమన్నాను. ఆ చప్పుడుకు ఆమె ఇంకా తొందరపడింది.

“ఒక్కటన్నా విని తీసెయ్యమ్మా,” అన్నాడు మస్తాన్.

విశ్వంభరం చటుక్కున సుద్దముక్క తీసుకున్నాడు. ‘వద్దు’ అని రాశాడు. ఆపరేషను అయ్యాక ఆయన తన గొంతు ఒక్కసారి కూడా వినలేదు. ఇంట్లో వాళ్లను విననివ్వలేదు. లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు.

“పోన్లేమ్మా, వాడికి కష్టంగా ఉంటది,” అని మస్తాన్ తగ్గాడు.

షబానా చెయ్యి ఆపింది. “బాబాయ్, నేను వినకుండానే చెరిపేస్తా. రేపు ఏదన్నా తేడా వస్తే నన్నేం అనబాకండి. ఒకసారి పోతే మళ్లీ తెచ్చేది కాదు ఇది.”

ఆయన గుమ్మంలో అట్టాగే నిలబడ్డాడు. రోడ్డువైపు చూశాడు. కాసేపటికి వెనక్కి వచ్చి ‘వద్దు’ అన్న మాటను అరచేత్తో తుడిచేసి, అక్కడే ‘పెట్టు’ అని రాశాడు.

‘ఫైనల్ ఫైనల్’లోంచి ఆమె పెట్టింది కర్ణుడు కుంతికి జవాబు చెప్పే పద్యం. కొట్టు నిండా ఆయన గొంతు లేచింది. విశ్వంభరం తల వంచుకుని, బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. రెండో పాదం సగానికి వచ్చింది. అక్కడ గొంతు తెగినట్టు ఆగిపోయింది. మిగిలింది నిశ్శబ్దం.

ముందుగా తేరుకున్నది ఆయనే. పద్యం ఆగిన చోటునుంచి ఆయన పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేకుండా. మస్తాన్ వేళ్లు బల్లమీద హార్మోనియం మెట్లు వెతుక్కుంటున్నాయి.

“యా అల్లా,” అంది షబానా. డిలీట్ పెట్టెను మూసేసింది. “పేర్లు, సైజులే చూశాను. లోపలేముందో చూడమనలేదు.”

లోపలి సరుకును కూడా పోల్చమనే గడిలో టిక్కు పెట్టింది. ఇక నాకు అసలు పరీక్ష మొదలైంది. ఒక్కో ఫైలునూ రెండు చోట్లనుంచి అక్షరం అక్షరం చదివి చూపించాలి. నన్ను వీలైనంత తక్కువ శ్రమ పెట్టాలనుకున్న పిల్ల, ఇప్పుడు నా చేత అన్నీ చదివించక తప్పలేదు. నాకు వేడెక్కింది. టిక్కు టిక్కు ఎక్కువైంది. షబానా ఓణీ కొంగుతో నాకు విసురుతూ కూర్చుంది. యంత్రానికి విసిరితే ఏమవుతుందని ఎవరూ అడగలేదు. సమానం కాదని తేలినప్పుడల్లా ఆ గుర్తు మీద అడ్డగీత పడుతోంది. గీత పడ్డ ప్రతిదానికీ పాత ఫోల్డరులోది విని, బాగుంటే వెంటనే కొత్త డిస్కులోకి పంపింది.

మధ్యాహ్నానికి దాదాపు అన్నీ దాటిపోయాయి. ఒక్కటి మిగిలింది. కుంతికి చెప్పే ఆ పద్యమే. దాని మంచి నకలు ఉన్నచోటే నా పళ్లెం గీసుకుపోయింది. మూడు పాదాలు చదవగలిగాను. నాలుగోదాని దగ్గర నా చెయ్యి వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ‘కొత్త’, ‘ఫైనల్’ నకళ్లున్న చోట్లా గీతలే పడ్డాయి, వాటిలోంచీ ఆ పాదం దక్కలేదు. నా శాయశక్తులా ప్రయత్నించాను. రాలేదు.

“చివరి పాదం పోయింది బాబాయ్,” అంది షబానా. ఏడుపు ఆపుకుంటోంది.

విశ్వంభరం సుద్దముక్కను పక్కకు నెట్టాడు. తర్వాత లాల్చీ జేబులోంచి టార్చిలైటులాంటి చిన్న యంత్రం తీశాడు. దాన్ని మెడకు ఆనించి పెదాలు కదిపితే మాట వస్తుంది. ఆసుపత్రిలో ఇచ్చారు గానీ, ఆ గరగర గొంతు తనది కాదని ఆయన ఎవరిముందూ వాడలేదు. మస్తాన్ దాన్ని చూడటం కూడా అదే మొదలు.

విశ్వంభరం దాన్ని మెడకు ఆనించాడు. “మైకు... పెట్టమ్మా,” అంది యంత్రం.

మస్తాన్ హార్మోనియం పెట్టె తెరిచాడు. యంత్రానికి రాగం రాదు. ఒకటే మోత, ఎత్తు పల్లాలు లేకుండా. ఆ మోతలో విశ్వంభరం నాలుగో పాదం మాట మాటగా చెప్పుకుంటూ వెళ్లాడు. ఆయన పలికిన ప్రతి మాట కిందా, ఒకప్పుడు ఆయన గొంతు ఎక్కడ ఎక్కేదో ఎక్కడ దిగేదో, మస్తాన్ అచ్చం అట్లాగే వాయించుకుంటూ వచ్చాడు. చివర రాగం తీయవలసిన చోట విశ్వంభరం యంత్రం దించేశాడు. ఆ మిగిలిన రాగమంతా హార్మోనియమే తీసింది.

షబానా ఆ పాదాన్ని ముందున్న మూడింటికీ అతికించి కొత్త డిస్కులో పెట్టింది. నా తీగ ఊడదీసింది. నా పళ్లేలు ఆగిపోయాయి, మళ్లీ తిరగలేదు.

ఇప్పుడు నేను కత్తిరింపు బల్ల మీదే ఉంటాను, గుడ్డ జారకుండా బరువుగా. నామీద సుద్దపొడి, దారపు ముక్కలు. బాధేమీ లేదు. పోగొడతానేమోనన్న భయం నాకిప్పుడు లేదు.

మొన్న జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకామె, కొట్లో మోగుతున్న పద్యం విని ఆగింది. పద్యం అయ్యేదాకా నిలబడి, “మొదట పాడినాయన ఎవరండీ? చివర్లో ఆ బొంగురు గొంతు ఎవరిది?” అని మస్తాన్‌ను అడిగింది.

ముక్కాలిపీట మీద కూర్చున్న విశ్వంభరం జేబులోంచి యంత్రం తీసి మెడకు ఆనించుకున్నాడు.

“రెండూ... నావే అమ్మా,” అన్నాడు.