నడిమి గిన్నె

నేను ఒక పోపుల పెట్టెను. గుండ్రటి స్టీలు ఒళ్ళు, బిగుతుగా కూర్చునే మూత, లోపల ఏడు చిన్న గిన్నెలు. చుట్టూ ఉన్న ఆరింటిలో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిరపకాయ ముక్కలు ఉండేవి. నడిమి గిన్నెలో ఇంగువ. దాని వాసన మిగతా వాటికి అంటుకుంటుందని చాలామంది ఇల్లాళ్ళు ఇంగువను నాలాంటి పెట్టెలో పెట్టరు, డబ్బాలోనే ఉంచుతారు. మా మాణిక్యమ్మగారు మాత్రం పెట్టారు. అంటుకుంటే మంచిదేగా అనేవారు.

ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో స్టీలు రేకును అచ్చు కింద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నేను పుట్టాను. నొప్పి తెలియలేదు. ఆ తర్వాత కూడా నాకు పెద్దగా ఏదీ తెలియలేదు. ఈ మాట ముందే చెబుతున్నాను. కన్నీళ్ళు పెట్టుకునే పెట్టె కోసం వచ్చి ఉంటే మీరు ఇంకో వంటింటికి వెళ్ళడం మంచిది.

పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఒకావిడ గంపలో కూర్చుని నేను తణుకు వచ్చాను. మాణిక్యమ్మగారు నాకోసం ఒక జరీ వెలిసిన చీర, రెండు ప్యాంట్లు ఇచ్చారు. ప్యాంట్లు వాళ్ళాయనవి. అందులో ఒకటి ఆయన ఇంకా తొడుక్కుంటున్నదే. రెండు రోజులు ఇల్లంతా వెతికారాయన. వెతికి వెతికి వంటింట్లోకి వచ్చి, నా మూత కూడా తీసి చూశారు. నేను ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడం నాకు మొదటి నుంచీ అలవాటే. తర్వాత ఆయన పోయారు. మాణిక్యమ్మగారి చూపు తగ్గింది. నేను ఆవిడ చేతిలోంచి కోడలు పద్మలత చేతికి వచ్చాను.

పద్మలత ఆర్టీసీలో కండక్టరు. తెల్లవారి డ్యూటీకి వెళ్ళి సాయంత్రం అయిదున్నరకు ఇంటికి వస్తుంది. వచ్చి చెప్పులు విప్పుతూనే పొయ్యి వెలిగిస్తుంది. భర్త సత్యం రైస్‌మిల్లులో షిఫ్టుల పని చేస్తాడు. అతను ఈ కథలో ఎక్కువ కనిపించడు. ఇంట్లోనూ అంతే. వాళ్ళకు ఒక్కతే కూతురు తనూజ. నాలుగో తరగతి.

ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి కాళ్ళూ చేతులూ పుల్లల్లా, పొట్ట మాత్రం ఉబ్బుగా ఉండేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు. నులిపురుగులని మందు పట్టించారు, దిష్టి తీశారు, టానిక్కులు తాగించారు. ఏడాది తిరిగాక రాజమండ్రిలో ఒక కడుపు డాక్టరు పరీక్షలన్నీ చేయించి అసలు సంగతి చెప్పాడు. గోధుమల్లో గ్లూటెన్ అని ఒక జిగురు పదార్థం ఉంటుందట. అది ఈ పిల్ల పేగులకు పడదట. చిటికెడు కూడా వద్దన్నాడు. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్టు అన్నీ బంద్. మందులేమీ లేవు, తిండే మందు.

ఆ సాయంత్రం పద్మలత ఆసుపత్రి ఫైలు తెచ్చి నా పక్కనే అరమీద పెట్టింది. రవ్వ డబ్బా, పిండి డబ్బా పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. తర్వాత గట్టుకు ఆనుకుని చాలాసేపు ఊరికే నిలబడింది.

"ఏడవాలనిపిస్తే ఏడువ్వే పద్మా," అన్నారు మాణిక్యమ్మగారు.

"ఏమీ అనిపించట్లేదత్తయ్యా."

"అన్నం తినేవాళ్ళం మనం. మన ఇళ్ళల్లో గోధుమలెక్కడ తగలడ్డాయే? పిల్లకేం తక్కువ చెయ్యం."

ఆవిడ అన్నది నిజమే. పనీ సులువుగానే కుదిరింది. టికెట్ల మిషన్లో రోలు అయిపోయే ముందు మూరెడు కాగితం మిగులుతుంది. భీమవరం స్టాండులో బస్సు ఆగిన పది నిమిషాల్లో పద్మలత దాని మీద వారం వంట రాసుకునేది. సోమవారం పెసరట్టు. మంగళవారం తోటకూర పప్పు, అన్నం. బుధవారం బియ్యపు రవ్వతో ఉప్పిండి, అందులో గుప్పెడు పెసరపప్పు. గురువారం దిబ్బరొట్టె. శుక్రవారం పులిహోర. శనివారం అటుకుల ఉప్మా. ఆదివారం పొద్దున్నే సోమ, గురువారాలకు సరిపడా పెసలు, మినప్పప్పు రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేది. కాగితం నా మూత కింద నొక్కి ఉంచేది. ఆరున్నర కల్లా కంచాలు పడేవి. అలసిపోయిన మనిషి గంటలో ఇంత చక్కగా వండటం నేను చూడలేదు. వండుతున్నప్పుడు ఆమె మొహంలో ఏమీ ఉండేది కాదు. చేతులు తిరిగేవి, అంతే.

ఒక నెల గడిచింది. ఆసుపత్రి త్రాసు మీద పిల్ల పద్దెనిమిది కిలోలే ఉంది. రెండో నెలా పద్దెనిమిదే. మూడో నెల పదిహేడున్నర. డాక్టరు కళ్ళజోడు తీసి, "ఎక్కడో తింటోందమ్మా. పిల్లలు చెప్పరు. మీరే కనిపెట్టాలి," అన్నాడట. ఈ మాట పద్మలత అత్తగారికి చెబుతుంటే విన్నాను.

పొట్ట ఉబ్బరించిన రోజున మాణిక్యమ్మగారు ఊరుకునేవారు కాదు. "కడుపుకి ఇంగువంత మంచిది లేదే. పోపులో ఇంకాస్త దండిగా వెయ్యి. మజ్జిగలోనూ కలిపివ్వు," అనేవారు. పద్మలత వేసేది. నడిమి గిన్నె పదిహేను రోజులకే ఖాళీ అయ్యేది. పప్పులో ఇంగువ, పులిహోరలో ఇంగువ, మజ్జిగలో ఇంగువ. గురువారం దిబ్బరొట్టెలో జీలకర్రే గనక నడిమి గిన్నె జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. ఒక్క ఆ మర్నాడే పిల్ల కాస్త తేలిగ్గా లేచేది. ఇదంతా ఇప్పుడు కలిపి చెబుతున్నాను గాని, అప్పుడు నాకు తట్టలేదు. నేను పెట్టెనే గాని డాక్టరును కాదు. డాక్టరుకూ తట్టలేదనుకోండి.

పద్మలతకు ఒక గర్వం ఉంది. బస్సులో ఎంత తొక్కిసలాటగా ఉన్నా, టికెట్టు తీసుకోని మనిషిని మొహం చూసి పట్టుకోగలనని. నిజంగానే పట్టుకునేది, డిపోలో పేరు కూడా ఉంది. ఆ చూపు ఇప్పుడు ఇంట్లోకి వచ్చింది. తనూజ బడి నుంచి రాగానే సంచి గట్టు మీద బోర్లించేది. పుస్తకాలు విదిలించేది. జేబులు తిరగేసేది. నోరు తెరవమని వాసన చూసేది. అన్నీ అరవకుండా, తిట్టకుండా చేసేది. పిల్ల చేతులు చాచి నిలబడేది.

ఒక బుధవారం ఉప్పిండి కంచాల్లో చల్లారిపోతోంది. వరసగా మూడో రోజు పద్మలత కంచం ముందు కూర్చుని తినకుండా లేవడానికి సిద్ధంగా ఉంది.

"ఎవరు పెడుతున్నారు? చెప్పు," అంది.

"ఎవరూ పెట్టట్లేదమ్మా."

"రోజుకి అయిదొందల మంది మొహాలు చూస్తాను. నీ మొహం తెలీదా నాకు?"

తనూజ అమ్మ కంచం వైపు చూసింది. తర్వాత నేల చూసింది. "తిన్నాను," అంది.

"ఏంటి?"

"బిస్కెట్లు."

"ఎన్ని?"

"రెండు." మళ్ళీ తనే, "నాలుగు," అంది.

"ఎవరిచ్చారు?"

పిల్ల ఉప్పిండిని వేలితో కంచం అంచుకు నెట్టింది. చివరికి "సింధు" అంది. బళ్ళో పక్కన కూర్చునే పిల్ల పేరు అది.

పద్మలత ఒక ఊపిరి వదిలి, కంచం దగ్గరకు లాక్కుని, చల్లారిన ఉప్పిండి అంతా తినేసింది. కారణం దొరికితే మనుషులకు ఆకలి వేస్తుందని ఆ రోజు తెలుసుకున్నాను.

మర్నాడు ఆమె సెలవు పెట్టి బడికి వెళ్ళింది. అప్పటి నుంచి మధ్యాహ్నం తనూజను టీచర్ల గది వరండాలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి తినిపించారు. చేయని తప్పుకు తిట్లు తిన్న సింధు మాట్లాడటం మానేసింది. పిల్ల ఈ సంగతులు నాయనమ్మ ఒళ్ళో పడుకుని చెప్పేది. నాయనమ్మ నుదురు నిమిరి, "మజ్జిగ తాగు తల్లీ, ఇంగువేశాను," అనేవారు.

నాలుగో నెల త్రాసు మీద పదిహేడుకు వచ్చింది.

పద్మలత ఈసారి ఏమీ అడగలేదు. ఒక శిక్ష వేసింది. ఇంట్లోకి వచ్చే ప్రతి పొట్లం మీద ఏముందో తనూజే చదవాలి, పైకి, తను వింటుండగా. తెలియక తిన్నానని రేపు చెప్పడానికి వీల్లేకుండా. పిల్ల గట్టు పక్కన నిలబడి ఉప్పు చదివేది, కారం చదివేది, బెల్లం చదివేది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, తడబడకుండా చదివేది.

ఆ శుక్రవారం పులిహోర. నడిమి గిన్నె అడుగంటితే పద్మలత వస్తూ వస్తూ కొత్త ఇంగువ డబ్బా తెచ్చింది. ఇంట్లో ఉన్న పాత డబ్బా ఎన్నో ఏళ్ళది. నూనె చేతులు తగిలి తగిలి దాని మీద అక్షరాలు చెరిగిపోయాయి. కొట్లోంచి పొట్లం తెచ్చి అందులో పోసుకోవడమే, చదివింది లేదు. ఇంగువ చెట్టు బంక, కడుపుకు మందు. మందు మీద ఏం రాసుందో ఎవరు చూస్తారు? మూకుడులో నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి. పద్మలత చేయి నడిమి గిన్నె కోసం వచ్చింది.

"అమ్మా, ఇందులో వీట్ అని ఉంది," అంది తనూజ.

"దేన్లో?"

"ఇంగువలో."

"ఇంగువలో గోధుమలేంటే? సరిగ్గా చదువు."

పిల్ల ఒక్కొక్క అక్షరమే విడదీసి చదివింది. వీట్ ఫ్లోర్. వంద భాగాల్లో సగం పైగా అదే. పద్మలత పొయ్యి ఆపింది. డబ్బా తీసుకుని వెలుతురులోకి వెళ్ళి తనూ చదివింది. ఇంగువ బంక ఘాటు ఎక్కువని, పొడి చేయడానికి పిండి కలుపుతారని, కొన్నిటిలో బియ్యప్పిండి, కొన్నిటిలో గోధుమపిండి ఉంటుందని ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ రెండు మాటలే తెలిశాయి.

మాణిక్యమ్మగారు గోడ పట్టుకుని నేల మీద కూలబడ్డారు. "నేనే గదే వెయ్యమంది. దండిగా వెయ్యమంది నేనే గదే."

"మీరు చెప్పారు, నేను వేశాను," అంది పద్మలత. ఆ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. బస్సు వెళ్ళే ఊళ్ళ పేర్లు చెప్పేటప్పుడు కూడా అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆవాలు మాడిన వాసన వంటింటినిండా నిలిచింది.

ఆమె కూతురి వైపు తిరిగింది. "మరి ఆ బిస్కెట్లు?"

"తినలేదు."

"తిన్నానన్నావుగా."

"నువ్వు మూణ్ణాళ్ళ నుంచీ ఏమీ తినట్లేదు కదమ్మా. తిన్నానంటే తింటావని."

పద్మలత నన్ను రెండు చేతులా ఎత్తి, సింకు దగ్గరకు తీసుకెళ్ళి, ఏడు గిన్నెలూ బోర్లించింది. చింతపండుతో తోమింది. కడిగింది. మళ్ళీ తోమింది. స్టీలుకు ఏదీ అంటుకుని ఉండదని ఆమెకూ తెలుసు. నాలుగోసారి తోముతున్నప్పుడు మాణిక్యమ్మగారు లేచి వెళ్ళి ఆమె చేతులు పట్టుకుని ఆపారు. నాకు ఏమీ తెలియదని మొదట్లో చెప్పాను. ఆ నాలుగు తోముళ్ళూ తెలిశాయి. నేను మోసినదే ఆ పిల్లను తినేసిందని తెలిసి సిగ్గుపడ్డాను. ఆ మాట చెప్పడానికి ఇంతసేపు పట్టింది.

నన్ను మళ్ళీ పోపుకు వాడలేదు. ఇప్పుడు ముందు గదిలో బట్టల అల్మరా మీద ఉంటాను. నాలో గుండీలు, హుక్కులు, పిన్నీసులు, సూదులు. వంట ఇంకా టికెట్టు కాగితం ప్రకారమే నడుస్తోంది. పోపు గాజు సీసాల్లోకి మారింది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ వేరే సీసాలో ఉంటుంది. పద్మలత సింధు వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది. అక్కడ ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు సింధు ఇక్కడే పెసరట్టు తింటుంది. ఆర్నెల్లలో తనూజ నాలుగున్నర కిలోలు పెరిగింది. బుగ్గలు వచ్చాయి. మీ క్రమశిక్షణ వల్లేనమ్మా అని డాక్టరు మెచ్చుకున్నాడట. పద్మలత ఆ మాట ఇంటికి తెచ్చి, ఫైలుతో పాటు అల్మరాలో పెట్టేసింది.

పిల్ల అన్నీ తింటోంది, ఆడుతోంది, నవ్వుతోంది. ఒక్క మాట మాత్రం కొత్తగా వచ్చి చేరింది. అన్నం తిన్నావా అంటే "తిన్నానమ్మా, నిజంగా" అంటుంది. హోంవర్కు అయిందా అంటే "అయింది, నిజంగా." అలా అనమని ఎవరూ చెప్పలేదు. వద్దని రెండుసార్లు చెప్పారు. అలాగే అంది, మళ్ళీ అంటూనే ఉంది.

నిన్న సాయంత్రం పద్మలత నాలోంచి ఒక గుండీ తీసి యూనిఫాం చొక్కాకు కుడుతోంది. బయట గుమ్మంలోంచి తనూజ కేకేసింది.

"అమ్మా, వానొస్తోంది! బట్టలు తియ్యాలి!"

పద్మలత సూది పక్కన పెట్టి లేచే లోపు పిల్ల లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి, "నిజంగా అమ్మా," అంది.

చూరు మీద చినుకులు నాకూ వినిపిస్తున్నాయి. పద్మలత దండెం దాకా వెళ్ళలేదు. గుమ్మంలో కూతుర్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బట్టలన్నీ తడిసిపోయాయి.